కామ మార్చిన గొడ్డలి

చరిత్ర రచనలో ఇనుముకు దక్కిన గౌరవం కర్రకు దక్కలేదు. మానవజాతి గతాన్ని రాతియుగం, కంచుయుగం, ఇనుపయుగం అని విభజించిన పండితులు ఆ రాతినీ, కంచునూ, ఇనుమునూ మనిషి చేతికి అందించిన కర్రకు ఒక యుగాన్ని కేటాయించలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. రాయి మిగులుతుంది, లోహం తుప్పుపట్టి అయినా కొంత మిగులుతుంది. కర్ర మాత్రం చెదలకో, తేమకో, పొయ్యికో ఆహుతి అవుతుంది. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ తవ్వినప్పుడు నవీన శిలాయుగపు పశువుల దొడ్ల ఆనవాళ్లు బయటపడ్డాయి. ఆ దొడ్లకు కర్రల దడి ఉండేదని తెలిసింది కర్రలు దొరికి కాదు, అవి పాతిన గుంటలు దొరికి. మన ప్రాచీన పనిముట్ల విషయంలోనూ ఇంతే. నున్నగా నూరిన రాతిగొడ్డళ్లు ప్రదర్శనశాలల అద్దాల వెనుక వరుసగా కనిపిస్తాయి. వాటిని పట్టుకున్న కర్రలు ఒక్కటీ కనిపించవు. అందుచేత చూసేవారికి గొడ్డలి అంటే ఆ రాతిముక్కే అనిపిస్తుంది.

ఈ ఆలోచన నాకు పుస్తకాల వల్ల కలిగింది కాదు. ముమ్మిడివరంలోని మా ఇంటి అటకమీద పెద్దల కాలంనాటి పనిముట్లు కొన్ని పడి ఉన్నాయి. రెండు గొడ్డళ్లు, ఒక బాడిత, ఒక పార, నాలుగైదు ఉలులు, కక్కు అరిగిన కొడవళ్లు, కొబ్బరి దింపు కత్తి ఒకటి. గత కొన్నేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా వీటి తుప్పు వదలగొట్టి, కొత్త కామలూ పిడులూ వేసి, తిరిగి వాడుకలోకి తెస్తున్నాను. ఇనుము ఎక్కడిది, కర్ర ఎక్కడిది, ఈ రెంటినీ కలిపిన చేయి ఎవరిది అనే ప్రశ్నలు పని చేస్తున్నకొద్దీ పుట్టుకొచ్చాయి. వాటికి దొరికిన సమాధానాలను ఒకచోట చేర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా మాటల సంగతి చూద్దాం. తెలుగులో పనిముట్టును పట్టుకునే భాగానికి ముఖ్యంగా రెండు పేర్లున్నాయి. గొడ్డలికీ పారకూ ఉండేది కామ. కత్తికీ కొడవలికీ ఉలికీ ఉండేది పిడి. ఈ భేదాన్ని మా ప్రాంతంలో చదువురాని వారు కూడా పొరపాటు లేకుండా పాటిస్తారు. బరో, ఎమెనో పండితులు కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961) తిరగేస్తే ఈ రెండు మాటల పుట్టుక వేరువేరని తెలుస్తుంది. కామకు తమిళంలో కాంపు, కన్నడంలో కావు సోదర పదాలు. అన్నిటికీ మూలార్థం కాడ, తొడిమ, కొమ్మ. పిడి అనేది పట్టుకోవడం అనే అర్థం గల ధాతువు నుంచి వచ్చింది. మన పిడికిలి, పిడికెడు దానికి చుట్టాలే. అంటే మొదటి మాట చెట్టును చెబుతుంది, రెండో మాట చేతిని చెబుతుంది. పొడవైన కర్ర చెట్టు రూపాన్ని పూర్తిగా విడిచిపెట్టదు గనుక అది కామ అయింది. గుప్పిట్లో ఇమిడిపోయే ముక్క చేతి రూపాన్ని తెచ్చుకుంటుంది గనుక అది పిడి అయింది. ఇటువంటి వృత్తిపదాలను ఊరూరా తిరిగి సేకరించిన మాండలిక వృత్తిపదకోశపు తొలి సంపుటం 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వంలో వెలువడింది. ఆ సేకరణే జరగకపోతే ఈపాటికి ఎన్ని పేర్లు మట్టిలో కలిసిపోయేవో తలచుకుంటే భయం వేస్తుంది.

ఇక ఇనుము. కోనసీమ గోదావరి తెచ్చిపోసిన ఒండ్రుమట్టి. ఇక్కడ ఇనుపరాయి లేదు. దానిని కరిగించడానికి బొగ్గునిచ్చే అడవీ లేదు. కాబట్టి ఈ దీవిలో ఏ కాలంలో ఏ కొడవలి పుట్టినా దాని ఇనుము ఏరు దాటి వచ్చినదే. పెద్ద ఓడలకు, బట్టల వ్యాపారానికి పేరుపడిన మన తీరానికి ఇనుప పనిలో కూడా ఒకప్పుడు గొప్ప పేరుండేది. 1669-79 మధ్య బంగాళాఖాతపు రేవులు తిరిగిన థామస్ బౌరీ అనే ఆంగ్ల నావికుడు నరసాపురం, మాధవాయపాలెం రేవుల్లో కలపా, ఇనుమూ, కమ్మరి పనితనమూ చౌకగా దొరకడం వల్లనే అక్కడ ఓడలు కట్టించుకుంటున్నారని రాశాడు. వశిష్ఠ ఆవలిగట్టు అంటే మనకు పొరుగే. పాలకొల్లులో వర్తకశాల పెట్టిన డచ్చివారు బట్టలతో పాటు ఇనుము, ఉక్కు, మేకులు కూడా తూర్పుదీవులకు ఎగుమతి చేసేవారు.

ఆ ఇనుము ఎలా తయారయ్యేదో చెప్పే విలువైన నివేదిక ఒకటుంది. కుంఫిణీ కొలువులో సామర్లకోట ప్రాంతంలో పనిచేసిన బెంజమిన్ హైన్ అనే వృక్షశాస్త్రవేత్త నూజివీడు దాపున ఉన్న రమణక్కపేట ఇనుపకొలుములను చూసి 1795లో వాటి వివరాలు నమోదు చేశాడు. ధర్మపాల్ 1971లో ప్రకటించిన, పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ విజ్ఞానంపై సంకలనంలో ఆ నివేదిక కూడా చోటు చేసుకుంది. మట్టితో కట్టిన చిన్న కొలిమి, తోలుతిత్తులు, కర్రబొగ్గు, దగ్గరలోనే దొరికే ఇనుపరాయి: ఇంతే సరంజామా. ఇంతటి స్వల్ప సాధనాలతో తయారైన ఇనుము పల్లెల అవసరాలన్నీ తీర్చింది. పందొమ్మిదో శతాబ్దంలో విలాయతీ ఇనుము చౌకగా ఓడల్లో దిగడం, 1882 మద్రాసు అడవుల చట్టంతో అడవిపై ఆంక్షలు బిగియడం, ఈ రెండు దెబ్బలకూ అటువంటి కొలుములు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. ఇనుము కరిగించే కొలిమి పోయినా ఇనుమును సాగదీసే కొలిమి మాత్రం ఊరూరా నిలిచింది. మనలో చాలామంది చిన్నప్పుడు చూసినది ఈ రెండోదే.

కర్ర కథ ఇంకొక తీరు. మిద్దెలకు, పడవలకు కావలసిన టేకు భద్రాచలం ఎగువ అడవుల నుంచి తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి వచ్చేది. అక్కడినుంచి పాయల మీదుగా, తరువాతి కాలంలో కాలువల మీదుగా కోనసీమకు చేరేది. కాని గొడ్డలికామకు టేకు పనికిరాదు. తలుపుకూ పెట్టెకూ అది ఎంత ప్రశస్తమో దెబ్బ తగిలే చోట అంత పెళుసు. అందువల్ల కామలకు మనవారు ఇంటి పెరటినే, పొలంగట్టునే నమ్ముకున్నారు. నల్లతుమ్మ అందులో మొదటిది. బండిచక్రాలకు, గానుగలకు, రోకళ్లకు, పనిముట్ల పిడులకు తుమ్మ వాడుకను గాంబుల్ 1881లో ప్రకటించిన భారతీయ కలప గ్రంథంలో కూడా పేర్కొన్నాడు. ఉప్పుగాలిని తట్టుకొని కాలువగట్ల మీద పెరిగే గంగరావి ఇంకొకటి. చిన్న పిడులకు జామకర్ర మహా గట్టిది. వంగుతుంది గాని తొందరగా విరగదు. చింతచేవ సుత్తులకు, కొట్టుడు పనులకు శ్రేష్ఠం. దోటికి వెదురు. సరుగుడు మాత్రం ఈ జాబితాలో కొత్తగా చేరినది. పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో వంటచెరకు కోసం, రైలింజన్ల కోసం మద్రాసు రాష్ట్రపు తీరంలో విస్తారంగా నాటించిన చెట్టు అది. నేడు మన ఊళ్లలో పారకామ అనగానే చేతికందేది సరుగుడు వాసమే. అది నిటారుగా పెరుగుతుంది, చౌక. కాని ఎండితే నిలువునా పగులుతుంది.

ఈ పలుగూ పారల చరిత్రలో అతి పెద్ద ఘట్టం ధవళేశ్వరం ఆనకట్ట. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆ నిర్మాణాన్ని తలచినప్పుడు ఆర్థర్ కాటన్ పేరు, వీణెం వీరన్న పేరు మనకు స్ఫురిస్తాయి. అది న్యాయమే. దానితో పాటు ఇంకొకటి కూడా స్ఫురించాలి. ఆనకట్టకు రాయి తీయడం, కాలువలు తవ్వడం, గట్లు పోయడం అంతా చేతిపనే. వైనతేయ పాయ మీదుగా కోనసీమకు నీటిని దాటించిన గన్నవరం అక్విడక్టు 49 ఖానాలూ మనుషులు మోసిన ఇటుకా సున్నాలతో లేచినవే. వేలాది మంది ఏళ్ల తరబడి పార పట్టారంటే ఎన్ని వేల కామలు విరిగి ఉంటాయి, ఎన్ని వేల కామలు కొత్తవి వేసి ఉంటారు! ఆ పనికోసం ధవళేశ్వరంలో సర్కారువారు కర్మాగారం కూడా నెలకొల్పారు. ఆనకట్ట మీద శిలాఫలకాలున్నాయి, లెక్కల పుస్తకాలున్నాయి, కాటన్‌దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. ఆ కాలువను తవ్విన పారకామ మాత్రం ఎక్కడా లేదు. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలోనూ ఇదే చూస్తాం. వందల కొద్దీ శాసనాలు అఖండదీపాలకు ఇచ్చిన దానాలను తరతరాలకూ చెబుతున్నాయి. ఆ అక్షరాలు చెక్కిన ఉలిపై పడిన సుత్తికి ఏ చెట్టు కామ వేశారో చెప్పే అక్షరం లేదు.

పల్లెలో ఈ పని ఒక కట్టుబాటు ప్రకారం నడిచేది. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, అగసాలి కలిసి పంచాణంవారు. మధ్యయుగపు శాసనాల్లోనే ఈ మాట వినిపిస్తుంది. తొలకరికి ముందు నాగలికర్రు సాగదీయడం, కోతలకు ముందు కొడవళ్లకు కక్కు కొట్టడం కమ్మరి బాధ్యత. నాగలి చెక్కడం, కామలు వేయడం వడ్రంగి బాధ్యత. పనికి పని డబ్బు చేతిలో పెట్టడం ఉండేది కాదు. పంట నూర్చిన కళ్లంలో రైతు ధాన్యం కొలిచేటప్పుడు వీరి వాటా వీరికి ముట్టేది. దానినే మేర అనేవారు. కొందరికి వృత్తి ఇనాములుగా భూములు ఉండేవి. 1895లో మద్రాసు ప్రభుత్వం చేసిన వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం, 1956లో వచ్చిన ఆంధ్ర ఇనాముల రద్దు చట్టం ఈ వ్యవస్థ చివరి అధ్యాయాలకు సాక్ష్యాలు. దీనిని స్వర్ణయుగంగా చిత్రించే ఉద్దేశం నాకు లేదు. మేర ఎంత ఇవ్వాలో నిర్ణయించేది రైతే. కరువు వచ్చిన ఏడు మొదట తరిగేది వృత్తివారి వాటాయే. అయితే ఒక్క మంచి మాత్రం అందులో ఉంది. పనిముట్టు బాగుచేయించుకోవడానికి విడిగా ఖర్చు లేదు గనుక విరిగినదాన్ని పారవేయవలసిన అవసరమూ ఉండేది కాదు. బాగుచేయడమన్నది వ్యవసాయంలో ఒక భాగంగా ఉండేది.

ఆ తరువాత బజారు సరుకు వచ్చింది. మా ఇంటి ఉలుల్లో ఒకదానిమీద సగం అరిగిన షెఫీల్డు ముద్ర ఉంది. ఎక్కడో ఇంగ్లండులో పోతపోసిన ఉక్కు, కోనసీమ వడ్రంగి వేసిన జామపిడి, ఈ రెండూ ఎన్ని దశాబ్దాలు కలిసి కాపురం చేశాయో! జంషెడ్పూరులో టాటావారి కర్మాగారం 1912లో ఉక్కు తీసింది. వారి అగ్రికో పారలు, గొడ్డళ్లు 1920లలో మొదలై క్రమంగా పల్లెల దాకా చేరాయి. లారీలు పెరిగాక విరిగిన కమానుపట్టీలు కమ్మరికి కొత్త గని అయ్యాయి. కొబ్బరి దింపు కత్తులు, నరుకుడు కత్తులు చేయడానికి ఆ ఉక్కు ఎంతో అనువైనది. మా అటకమీద దొరికిన కత్తి అటువంటిదే. పట్టీ వంపు ఇప్పటికీ దాని వెన్నులో పోల్చుకోవచ్చు. ఇనుము ఇలా దేశదేశాల నుంచి వచ్చి చేరింది. దానికి తగిలించిన కర్ర మాత్రం ఎప్పుడూ ఊరిదే. అందుకే ఒక పనిముట్టు ఏ ఊరిదో చెప్పవలసి వస్తే నేను ఇనుమును చూడను, కర్రను చూస్తాను.

ముమ్మిడివరం వాడు గొడ్డలిని గురించి రాస్తూ 1996 నవంబరు 6 రాత్రిని తలవకుండా ఉండలేడు. ఆ తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది. ముమ్మిడివరం, ఐ.పోలవరం, కాట్రేనికోన ప్రాంతాల్లో కొబ్బరితోటలు చాపల్లా పరుచుకుపోయాయి. తెల్లవారేసరికి దారులు లేవు. పడిపోయిన మానులను నరికి దారి తీయడానికి ఆ వారాల్లో పనికొచ్చినవి గొడ్డళ్లూ, కత్తులూ, రంపాలే. కరెంటు లేదు, రాకపోకలు లేవు, బయటినుంచి యంత్రాలు వెంటనే రాగల పరిస్థితి లేదు. అటకలమీద మరచిపోయిన పనిముట్లన్నీ ఆ రోజుల్లో కిందికి దిగాయి. మా ఇంటి పెద్ద గొడ్డలికి ఉన్న కామ ఆ పనిలో విరిగినదే. విరిగిన ముక్క అలా కంటిలోనే ఇరుక్కొని ఇన్నాళ్లూ ఉండిపోయింది. పనిముట్టు విలువ యంత్రాలు నడుస్తున్న రోజున తెలియదు. అవి ఆగిపోయిన రోజున తెలుస్తుంది. ఏటేటా తుపాను హెచ్చరికలు వినే తీరంలో ఉన్నవారికి ఇది ఉబుసుపోక చెప్పే మాట కాదు.

ఇక బాగుచేసే పద్ధతి గురించి నాలుగు మాటలు. ఇవి వడ్రంగులకు తెలియనివి కావు. తెలిసినవారు తగ్గిపోతున్నారు గనుక రాస్తున్నాను.

తుప్పు వదలగొట్టడానికి తొందరపడి గ్రైండరు పెట్టకూడదు. ఆ వేడికి అంచు నీలంగా మారిందంటే కమ్మరి పెట్టిన పదును పోయినట్లే. అది తిరిగి కొలిమిలో పెట్టించుకోవలసిందే. చింతపండు పులుసులో ఒకటి రెండు రోజులు నానబెట్టి, ఇటుకపొడితోనో పీచుతోనో తోమితే పైతుప్పు మెత్తబడి వస్తుంది. ఇత్తడిబిందెలకు మన ఇళ్లలో చేసే పనే ఇది. తరువాత మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వెంటనే నూనె రాయాలి. పులుపు మిగిలితే రెండు రోజుల్లో తుప్పు మళ్లీ లేస్తుంది. ముద్రలు, కమ్మరి గుర్తులు ఉన్నచోట రుద్దకుండా వదిలేయడం మంచిది. అవే ఆ వస్తువు జన్మపత్రిక.

కర్ర ఎంపికలో రెండు నియమాలు. మొదటిది, పచ్చికర్ర పనికిరాదు. పచ్చికర్రతో బిగించిన కామ ఎండేకొద్దీ కుంచించుకుపోయి గొడ్డలి ఊడుతుంది. చెమ్మగాలి వీచే కోనసీమలో తుమ్మముక్క నీడపట్టున కనీసం ఒక ఏడాది ఆరితే గాని నమ్మలేం. రెండోది, రంపంతో కోసిన దానికన్నా నిలువునా చీల్చిన ముక్క మేలు. చీలిక కర్ర నార వెంబడే పోతుంది గనుక నార ఈ కొస నుంచి ఆ కొస దాకా తెగకుండా ఉంటుంది. రంపానికి ఆ విచక్షణ లేదు. నార అడ్డంగా తెగిపోయిన కామ బజారులో ఎంత నున్నగా మెరిసినా దెబ్బకు ఏటవాలుగా విరుగుతుంది, విరిగిన కొస చేతిలో దిగుతుంది.

పార బిగింపు, గొడ్డలి బిగింపు ఒకటి కాదు. పారకంటిలోకి కామను పైనుంచి దూరుస్తారు. పైకొస లావుగా ఉంటుంది గనుక విసిరినకొద్దీ పార ఆ లావు దగ్గరకు జరిగి బిగుసుకుంటుంది. దానికి చీల అక్కరలేదు. సుత్తికీ, చీల కొట్టే రకపు గొడ్డలికీ కామ కొసను నిలువునా కొంత కోసి, కంటిలోకి దిగ్గొట్టి, ఆ కోతలో కర్రచీల దించుతారు. కత్తికీ కొడవలికీ ఇంకొక పద్ధతి. పిడిలోకి దిగే ఇనుపతోకను ఎర్రగా కాల్చి కర్రలోకి దించుతారు. కర్ర కాలి తన దారి తానే ఇస్తుంది. కొందరు లక్క పోస్తారు. పిడి పగలకుండా మొదట్లో పొన్ను తొడుగుతారు. రోకలికి వేసే పొన్నూ, ఉలిపిడికి వేసే పొన్నూ ఒకే సూత్రం మీద పనిచేస్తాయి.

గొడ్డలి వదులైతే రాత్రంతా నీళ్ల తొట్టెలో పడేయడం మనందరికీ తెలిసిన చిట్కా. పొద్దునకు బిగుసుకుంటుంది కూడా. కాని నీరు పీల్చి ఉబ్బిన కర్రకు చుట్టూ ఇనుము అడ్డం. ఉబ్బడానికి చోటు లేక లోపలి నార నలిగిపోతుంది. ఎండిన తరువాత అది మొదటికన్నా సన్నబడుతుంది. కాబట్టి నీళ్లలో వేసిన ప్రతిసారీ గొడ్డలి మరింత వదులవుతుంది. ఆ పూటకు పని గడుస్తుంది, కామ ఆయుష్షు తరుగుతుంది. దీనికి మారుగా ఎండాకాలంలో కొత్త కామ బిగించి, కంటిలో ఉన్న కొసకు అవిసెనూనె పట్టించడం మేలు. అవిసెనూనె గాలికి గట్టిపడి కర్రలోనే నిలుస్తుంది. కొబ్బరినూనె, ఆముదం ఎంత రాసినా గట్టిపడవు, జిడ్డుగా మిగులుతాయి. కొబ్బరి పుట్టినింటివారికి ఈ మాట కొంచెం కష్టంగా తోచవచ్చు గాని నిజం ఇదే.

ఇంతకూ కామ మార్చిన గొడ్డలి పాత గొడ్డలేనా? ఈ ప్రశ్నను గ్రీకులు థీసియస్ ఓడను చూపి వేసుకున్నారు. మనవైపు నాగసేనుడు మిళిందరాజును రథం గురించి అడిగిన ప్రశ్న దీనికి దగ్గరిది: ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? వీటిలో ఏ ఒక్కటీ రథం కాదు, ఇవన్నీ కూడినప్పుడు వాడుకకోసం పెట్టిన పేరే రథం. కాని నాకు ఈ చర్చకన్నా సంయుక్త నికాయంలో బుద్ధుడు చెప్పినట్లున్న ఒక చిన్న ఉపమానం ఎక్కువ నచ్చుతుంది. వడ్రంగి తన బాడితపిడి మీద తన వేళ్ల గుర్తులు, బొటనవేలి గుర్తు పడి ఉండడం చూస్తాడు. ఈ రోజు ఇంత అరిగింది, నిన్న ఇంత అరిగింది అని అతడికి తెలియదు. అరిగిపోయాక అరిగిందని మాత్రం తెలుస్తుంది. సాధనలో మలినాలు క్షయమయ్యే తీరు కూడా ఇటువంటిదేనని ఆ ఉపమానపు తాత్పర్యం. వైనతేయ గట్టున ఆదుర్రులో బౌద్ధస్తూపం ఉంది. ఆ స్తూపం కట్టిన రోజుల్లో ఈ ఉపమానం మన ప్రాంతంలో కూడా వినిపించి ఉంటుందనుకోవడం నాకు ఇష్టం.

మా బాడితపిడి సరిగ్గా అలాగే ఉంది. బొటనవేలు ఆనేచోట చిన్న పల్లం, మిగిలిన వేళ్లకు ఎదురుగా ఇంకో పల్లం. నా చేయి అందులో ఇమడదు. అది నాకన్నా చిన్న చేయి, ఎడమచేయి. మా వంశంలో ఎడమచేతివాటం వారెవరూ లేరు. వస్తువు మా ఇంటిది, చేయి మా ఇంటిది కాదు. దసరానాడు ఆ బాడితకు కుంకుమబొట్టు పెట్టి పూజచేసినవారు వేరు, ఏడాది పొడుగునా దానిని పట్టినవారు వేరు. కోనసీమలో భూమి ఉన్న చాలా ఇళ్ల పనిముట్ల చరిత్ర ఇదే. పారకు యజమాని ఒకరు, పారకామ నున్నబరచిన అరచేయి ఇంకొకరిది. ఆ అరచేతి యజమాని పేరు ఏ దస్తావేజులోనూ ఉండదు. దింపు కార్మికుడు, ఒలుపు కార్మికుడు, కోతల కూలీ, పొలేరు: వీరు సంతకం చేసిన చోటు ఒక్కటే, ఆ కర్ర.

ఇక్కడే చిక్కు ఉంది. పనిముట్టును బతికించాలంటే పాత కామ తీసివేయాలి. తీసివేస్తే ఉన్న ఒక్క సంతకమూ పోతుంది. తీయకుండా ఉంచితే అది అటకమీద శవంలా పడి ఉంటుంది. ప్రదర్శనశాలలవారు రెండో దారి పడతారు. జపానులో కోబె నగరంలో 1984లో ఏర్పడిన తకెనకా వడ్రంగి పనిముట్ల మ్యూజియం వంటివి పనిముట్లనే చరిత్రపత్రాలుగా భద్రపరుస్తున్నాయి. మొదటి దారి పట్టినవారూ ఉన్నారు. ఇంగ్లండులో 1970ల చివర మొదలైన ఒక స్వచ్ఛంద సంస్థ ఇళ్లలో మూలపడిన పనిముట్లను సేకరించి, బాగుచేసి, ఆఫ్రికా దేశాల చేతివృత్తులవారికి పంపింది. రెండూ గౌరవించదగినవే. నాకు కుదిరినంతలో నేను చేస్తున్నది ఈ రెంటికీ మధ్య ఉంది. విరిగిన కామలు, పగిలిన పిడులు మారుస్తాను. తీసిన పాత కర్రను పొయ్యిలో పెట్టను. ఏ పనిముట్టుదో, ఏ చెట్టుదో, ఎక్కడ అరిగిందో ఒక చీటీమీద రాసి దానికే కడతాను. పిడి పగలకుండా ఉంటే, ఎంత అరిగినా, మార్చను. బాడితపిడిని అందుకే మార్చలేదు. నా చేతికి అది సరిపోకపోవడం దాని లోపం కాదు.

2023 సెప్టెంబరు 17న విశ్వకర్మ జయంతినాడు కేంద్రప్రభుత్వం చేతివృత్తులవారికోసం ఒక పథకం ప్రారంభించింది. అందులోని 18 వృత్తుల్లో కమ్మరి, వడ్రంగి పనులున్నాయి. సుత్తులూ పనిముట్లూ చేసేవారిని ప్రత్యేకంగా చేర్చారు. కొత్త పనిముట్లు కొనుక్కోవడానికి 15,000 రూపాయల దాకా సాయం ఇస్తామన్నారు. మంచిదే. అయితే కొత్త పనిముట్లకు సాయం దొరికే రోజుల్లోనే, తరాల ఉక్కు తుక్కు కొనేవాడి తక్కెడలో కిలోల లెక్కన పోతోంది. ఆ ఉక్కులో దోషం లేదు. దానికి కావలసింది మూరెడు తుమ్మకర్ర, ఒక పూట పని, ఆ పని తెలిసిన ఒక మనిషి. కర్ర ఇప్పటికీ గట్టుమీద ఉంది. పూట ఎవరికైనా దొరుకుతుంది. మూడోదే కరువవుతున్నది.

చదువరులకు ఒక మనవి. మీ ఇళ్లలో, మీ ఊళ్లలో ఇటువంటి పనిముట్లు ఉంటే తుక్కుకు వేసే ముందు ఒక్కసారి కామను తిప్పి చూడండి. అది ఏ చెట్టుదో ఊళ్లో పెద్దవారిని అడగండి. ఆ భాగానికి మీవైపు ఏమంటారో, చీలను ఏమంటారో, పొన్నును ఏమంటారో రాసి ఉంచండి. ముఖ్యంగా అది ఎవరి చేతిలో అరిగిందో తెలిసినవారు ఇంకా ఉంటే ఆ పేరు కూడా రాయండి. మా గొడ్డలికి ఈ వేసవిలో వేసిన తుమ్మకామ ఇంకా ముతకగానే ఉంది, పట్టుకుంటే అరచేతికి గరుకు తగులుతోంది. అది నున్నబడడానికి ఏళ్లు పడుతుంది.